మేడమీది నీటిసాగు



2019 వేసవిలో మన చెన్నపట్టణమునకు నీరిచ్చు పూండి, చెంబరంబాక్కము జలాశయములు ఎండిన సంగతి మీరెవ్వరును మరువలేదు. బిందెడు నీటికి లారీకొరకు కాచిన మనకు మేడమీద కూరతోట యేలనందురా? నీటితొట్టిలో పెంచినచో నీరు నేలకు ఇంకిపోదు. మొక్క త్రాగినంతే ఖర్చు.

తొట్టి మూతగలదై, వెలుతురు చొరనిదై యుండవలెను. లేకున్న పాచి పట్టును. మూతకు రంధ్రములు చేసి, జాలికుండీలలో పాలకూర నారు నిలిపినచో వేళ్ళు నీటిలోనికి వ్రేలాడును. ఆ నీటిలో పోషక లవణములు కలిపి, పి.హెచ్. 5.5–6.5 నడుమ ఉంచవలెను. ఉప్పగానుండు బోరునీరు పనికిరాదు; వాననీరు పట్టి ఉంచినవారు అదృష్టవంతులు.

అసలు కీలకము గాలి. చేపలతొట్లకు వాడు గాలిపంపు రాత్రింబవళ్ళు బుడగలు వదలుచుండవలెను. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. మన ఎండలలో కరెంటు పోయి పంపు ఆగినదా, తెల్లని వేళ్ళు గోధుమరంగు తిరిగి కుళ్ళనారంభించును. కనుక వేళ్ళ పైభాగము గాలిలో నుండునట్లు నీటిమట్టము తగ్గించి, తొట్టిని నీడకు జరిపి, బాటరీపంపొకటి దగ్గరుంచుకొనవలెను.

రెండువారముల కొకసారి నీరు మార్చి, పాతనీరు కరివేపచెట్టుకు పోయుదుము. ఉగాది వెళ్ళిన పిమ్మట మేము పాలకూర జోలికి పోము. వేడికోర్చు తోటకూర పెట్టి, చల్లబడువరకు దానితోనే సరిపెట్టుకొందుము.