మీ ఎస్‌యూవీకి ఏ ఆయిల్, ఎంత ఆయిల్?

(రేడియో ప్రసంగ పాఠం)

కిందటిసారి బ్రేకుల గురించి మాట్లాడుకున్న తర్వాత చాలామంది ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు. "మా బండికి ఏ ఆయిల్ పొయ్యాలండీ?" అని. అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఎస్‌యూవీల వాళ్ళే. మన ఇళ్ళల్లో ఇదొక ఆనవాయితీ అయిపోయింది కదా! ముందు కామ్రీనో అకార్డో కొంటాం. పిల్లలు పుట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనగానే మూడు వరసల సీట్లున్న బండికి మారిపోతాం.

ఒక్క విషయం గమనించాను. ఏ ఆయిల్ అని అడిగినవాళ్ళే అందరూ. ఎంత ఆయిల్ అని అడిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నన్నడిగితే ఆ రెండో ప్రశ్నే ముఖ్యం. అయినా వరసగానే వద్దాం, ముందు మొదటిది.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అనో 0డబ్ల్యూ-20 అనో రాసి ఉంటుంది. ఈ డబ్ల్యూ అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది. కాదండి, వింటర్. ఇండియా నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా చూడండి, ఇక్కడ చలి మొదలవగానే గడ్డకట్టుకుపోతుంది. వేడినీళ్ళలో పెడితే గానీ చుక్క బయటికి రాదు. దాని పక్కనే ఉన్న నువ్వులనూనె మాత్రం మామూలుగానే కారుతూ ఉంటుంది. ఇంజన్ ఆయిళ్ళలో కూడా ఇలాంటి తేడాలే ఉంటాయి. డబ్ల్యూకి ముందున్న అంకె, చలిలో ఆ నూనె ఎంత సులువుగా కదులుతుందో చెప్తుంది. అంకె చిన్నదైతే చలికి అంత మంచిది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం ఇంజన్‌ని తిప్పే పరీక్ష 5డబ్ల్యూ నూనెకు మైనస్ 30 సెల్సియస్ దగ్గర, 0డబ్ల్యూకి మైనస్ 35 దగ్గర చేస్తారు. మినియాపొలిస్ వైపున్న మనవాళ్ళకి ఆ అంకె విలువ నేను చెప్పక్కర్లేదు.

వెనకున్న అంకె, నూనె బాగా వేడెక్కాక, అంటే 100 సెల్సియస్ దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. పాకం లెక్కన చూస్తే 16, 20 అంటే లేతపాకం. 30, 40 అంటే ముదురుపాకం. అరిసెలకి పట్టే పాకం గులాబ్‌జామ్‌కి పట్టేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

డాలస్ నుంచి ఒకాయన అడిగారు. "ఇక్కడ ఎండాకాలం 105 ఫారన్‌హీట్ ఉంటుంది కదండీ, కొంచెం చిక్కటిది పోస్తే మంచిదే కదా?" అని. మన ఊళ్ళో బండ్లకు 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 పోయడం చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. కానీ బయట ఎండ ఎంతున్నా ఇంజన్ లోపలి వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఒక హద్దులో ఉంచుతాయి. ఈ కాలపు ఇంజన్లలో బేరింగుల సందులు, వాల్వుల టైమింగ్ మార్చే ఏర్పాట్లు అన్నీ ఫలానా చిక్కదనం ఉన్న నూనె వస్తుందని లెక్కకట్టి చేసినవి. పలచటి నూనెతో గ్యాస్ మైలేజీ కొంచెం పెరుగుతుందన్నది కూడా నిజమే, కంపెనీలకు ఆ స్వార్థం లేదనను. అందుకే మీ మాన్యువల్ ఏమంటోందో పూర్తిగా చదవండి. ఉదాహరణకి, 2019 నుంచి వచ్చిన టొయోటా రావ్ ఫోర్ 2.5 లీటర్ల ఇంజన్‌కి మాన్యువల్లో 0డబ్ల్యూ-16 అని ఉంటుంది. అది దొరక్కపోతే 0డబ్ల్యూ-20 పోయవచ్చు గానీ, తర్వాతిసారి మార్చేటప్పుడు మళ్ళీ 0డబ్ల్యూ-16కే రావాలనీ అక్కడే రాసి ఉంటుంది. ఎంతవరకు పట్టువిడుపు ఉందో వాళ్ళే చెప్పారన్నమాట. బరువులు లాగేవాళ్ళకి, ఎప్పుడూ బాగా స్పీడుగా నడిపేవాళ్ళకి కొంచెం చిక్కటిది నప్పవచ్చని కూడా కొన్ని మాన్యువళ్ళు చెప్తాయి. ఆ మాట మీ మాన్యువల్లో ఉంటే సరే. పక్కింటాయన మాన్యువల్లో ఉంటే లాభం లేదు.

డబ్బా వెనక ఏపీఐ గుర్తు ఒకటి ఉంటుంది, గుండ్రంగా గారెలాగా. అందులో పైన రెండక్షరాలు చూసుకోండి. పెట్రోలు ఇంజన్లకి ఎస్‌తో మొదలవుతాయి. 2020లో ఎస్‌పీ వచ్చింది, 2025లో ఎస్‌క్యూ వచ్చింది. పాతవాటి స్థానంలో కొత్తవి వాడుకోవచ్చు, కొత్త ఇంజన్‌కి పాతది మాత్రం పనికిరాదు. ముఖ్యంగా చిన్న టర్బో ఇంజన్లున్న ఎస్‌యూవీలకి ఇది పట్టింపే. తక్కువ స్పీడులో పెట్రోలు వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ని దెబ్బతీసే జబ్బు ఒకటుంది, ఎస్‌పీ నుంచి దానికి విరుగుడు పరీక్ష ఉంది. గ్యాస్ స్టేషన్లలో, చవక సరుకుల షాపుల్లో ఎస్‌ఏ అని రాసిన డబ్బాలు అప్పుడప్పుడూ కనబడతాయి. ఎస్‌ఏ అనేది 1930 తర్వాత తయారైన చాలా ఇంజన్లకి పనికిరాదని ఏపీఐ వారే చెప్తారు. రెండు డాలర్లు మిగిలాయని మాత్రం అది కొనకండి. జీఎం బండికయితే డెక్సాస్, జర్మన్ బండ్లకయితే ఆ కంపెనీల సొంత నంబర్లు కూడా సరిపోవాలి. అవి సరిపోయాక బ్రాండు ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

బ్రాండ్లంటే గుర్తొచ్చింది. మన ఊళ్ళో ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన పెట్టేవారు, పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజన్ ఆయిల్లో ఆముదం కలిపి, క్యాస్టర్ అన్న మాట నుంచే క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మన కందెనకి దూరపు చుట్టమే!

ఇక రెండో ప్రశ్న, ఎంత పోయాలి అన్నది.

షాపుల్లో పెద్ద డబ్బా ఐదు క్వార్ట్‌లు ఉంటుంది. క్వార్ట్ అంటే లీటరు కన్నా కాస్త తక్కువ, 0.946 లీటర్లు. డబ్బా మొత్తం వంచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ రావ్ ఫోర్‌కి ఫిల్టర్‌తో కలిపి 4.8 క్వార్ట్‌లు, కాబట్టి డబ్బా అడుగున కొంచెం మిగలాలి. 1.5 లీటర్ల టర్బో ఉన్న హోండా సీఆర్‌వీకి నాలుగు క్వార్ట్‌లు కూడా పట్టవు, డబ్బా అంతా పోస్తే క్వార్ట్‌కి పైగా ఎక్కువైపోతుంది. షెవ్రొలే టాహో 5.3 లీటర్ల వీ8 తీసుకోండి. 2007 నుంచి 2014 మోడళ్ళకి 6 క్వార్ట్‌లు. 2015 నుంచి 8 క్వార్ట్‌లు. పేరు అదే, ఇంజన్ సైజు అదే, కానీ రెండు క్వార్ట్‌ల తేడా. గ్రేడు కూడా 5డబ్ల్యూ-30 నుంచి 0డబ్ల్యూ-20కి మారింది.

ఈ తేడా మాకు తెలిసిన ఒక కుటుంబానికి నిజంగానే ఎదురైంది. వాళ్ళు ఒహాయోలో ఉంటారు. 2016 టాహో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అత్తమామలు విశాఖపట్నం నుంచి వచ్చారు, తెల్లవారి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ప్రయాణం. మూడు రోజుల ముందే ఒక షాపులో ఆయిల్ మార్పించారు. మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవారు. రాత్రి భోజనాలయ్యాక, "అల్లుడుగారూ, బయల్దేరే ముందు ఒకసారి డిప్‌స్టిక్ లాగి చూద్దామా?" అన్నారట. "మొన్ననే మార్పించాను మామయ్యగారూ, లైటు కూడా ఏమీ వెలగలేదు" అన్నాడు ఇతను. "లైటు వెలిగేదాకా ఆగితే ఇంకేముంటుందండీ" అని ఆయనే బానెట్ ఎత్తించారు. చూస్తే డిప్‌స్టిక్ చివర కూడా తడి లేదు. రసీదు తీసి చూస్తే 6 క్వార్ట్‌లు, 5డబ్ల్యూ-30 అని ఉంది. ఆ షాపువాళ్ళు చార్టులో పాత టాహో వరస చూసి పోసేశారు. పొద్దున్నే తీసుకెళ్తే ఒప్పుకుని, మొత్తం తీసేసి సరైనది పోసిచ్చారు. దర్శనం మధ్యాహ్నానికి పడింది, అంతే. ఆరుగురు కూర్చుని, కొండ రోడ్ల మీద, రెండు క్వార్ట్‌లు తక్కువతో వెళ్ళి ఉంటే మలుపుల్లో పంపు నూనెకి బదులు గాలి పీల్చేది. బేరింగులు పోయాక ఇంజన్ మార్చడమంటే వేల డాలర్ల మాట.

ఆ మామగారు చెప్పింది అక్షరాలా నిజం. డాష్‌బోర్డ్ మీద అల్లావుద్దీన్ దీపంలాగా ఎర్రగా వెలిగేది నూనె కొలత చెప్పే లైటు కాదండి. నూనె ఒత్తిడి పడిపోయిందని చెప్పే లైటు. అది వెలిగితే ఎగ్జిట్ దాకా వెళ్దాంలే అనుకోకుండా పక్కకి ఆపి ఇంజన్ కట్టెయ్యాలి.

మరి ఎక్కువ పోస్తే? "ఎక్కువుంటే మంచిదే కదా, పప్పులో నెయ్యిలాగా" అన్నారొక అక్కయ్యగారు. కాదండి. ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆ నూనెలో మునిగి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. నురగలో ఉండేది గాలి, గాలి బేరింగుని కాపాడదు. పైగా ఆ నూనె గొట్టాల గుండా ఇంజన్ లోపలికి పోయి కాలితే, తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది.

కొలిచే పద్ధతి సులువే. మాన్యువల్లో రెండు కొలతలు ఉంటే ఫిల్టర్‌తో కలిపి ఉన్నది తీసుకోండి, ఎందుకంటే ఫిల్టర్ కూడా మారుస్తాం కదా. దానికన్నా అర క్వార్ట్ తక్కువ పోసి, ఇంజన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, ఐదు పది నిమిషాలు ఆగండి. బండి చదునైన చోట ఉండాలి, ఏటవాలు డ్రైవ్‌వే మీద కొలత తప్పుతుంది. డిప్‌స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా దోపి, మళ్ళీ తీసి చూడండి. రెండు గుర్తుల మధ్య దూరం చాలా బండ్లలో సుమారు ఒక క్వార్ట్. పై గుర్తు దాటకుండా కొంచెం కొంచెం పోసుకోండి. బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5 లాంటి వాటిలో డిప్‌స్టిక్కే ఉండదు, స్క్రీన్ మీద కొలిపించుకోవాలి.

తర్వాత నెలకోసారి చూడండి చాలు. తగ్గడమే కాదు, పెరగడం కూడా జబ్బే. చలికాలంలో స్కూలుకీ కుమాన్‌కీ రెండేసి మైళ్ళు మాత్రమే తిరిగే చిన్న టర్బో బండ్లలో కాలని పెట్రోలు నూనెలోకి దిగి మట్టం పెరగవచ్చు. మనం ఆయిల్ పోయకుండానే పెరిగిందంటే, ముట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసనొస్తే వెంటనే మార్పించి, డీలరుకి చూపించండి. ఇలాంటి చిన్న తిరుగుళ్ళనే మాన్యువళ్ళు కఠినమైన వాడకం అంటాయి. అంటే 10,000 మైళ్ళ గడువు మీది కాకపోవచ్చు, 5,000 అయి ఉండవచ్చు.

మాన్యువల్ మాట కూడా ఒక్కోసారి మారుతుంది. 2025 ఏప్రిల్‌లో జీఎం కంపెనీ 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021 నుంచి 2024 వరకు మోడళ్ళను రీకాల్ చేసింది. టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్, పికప్‌లు కలిపి అమెరికాలోనే సుమారు ఆరు లక్షల బండ్లు. లోపం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో ఉంది. పరీక్షలో బాగున్నాయని తేలిన ఇంజన్లకి 0డబ్ల్యూ-20 బదులు 0డబ్ల్యూ-40 పోసి, మూత కూడా కొత్తది పెట్టి, మాన్యువల్లో కొత్త కాగితం చేర్చమన్నారు. ఇది చూసి 5.3 లీటర్ల వాళ్ళు కూడా 0డబ్ల్యూ-40 కొనుక్కోవడం మొదలుపెట్టకండి. ఆ మార్పు ఆ 6.2 ఇంజన్‌కే. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్ళు మాత్రం ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో తమ 17 అక్షరాల విన్ నంబరు కొట్టి, రీకాల్ ఏమైనా మిగిలిందేమో చూసుకోవాలి.

వారంటీ పోతుందని భయపడి డీలరు దగ్గరే మార్పించక్కర్లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం అలా షరతు పెట్టడానికి వీల్లేదు. ఆయిల్, ఫిల్టర్ రసీదులు, తేదీ, మైళ్ళు రాసి పెట్టుకోండి. బయట షాపులో చేయిస్తే, మీ మోడల్ సంవత్సరం, ఇంజన్ సైజు, గ్రేడు, ఎన్ని క్వార్ట్‌లు అన్నది కాగితం మీద రాసి ముందే వాళ్ళ చేతికివ్వండి. అయ్యాక డిప్‌స్టిక్ చూపించమని అడగండి. మొహమాటపడకండి, మనం డబ్బిచ్చే పనే అది.

వచ్చేసారి టైర్ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.