చేతినిండా ముక్కలు

పేకాటలో ముక్క వచ్చుట అదృష్టము, వచ్చిన ముక్కను ఉంచుకొనుటయో పారవేయుటయో నేర్పు అని పెద్దలు చెప్పగా వినియున్నాము. ఈ మాటకు న్యాయస్థానపు ముద్ర కూడ పడినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌కు సంబంధించిన వ్యాజ్యములో, 1967 నవంబరులో, సుప్రీంకోర్టు రమ్మీ ఆటను పరిశీలించినది. పడిన ముక్కలను గుర్తుంచుకొనుటకు, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటకు నేర్పు కావలెను కనుక అది కేవలము అదృష్టపు ఆట కాదని చెప్పినది. పందెముల మాట మనకిక్కడ వద్దు. ఆ తీర్పులోని మెలకువ మాత్రము ఈనాటి పిల్లల ఆట ఒకదానికి చక్కగా వర్తించుచున్నది.

మేముండునది జూబ్లీహిల్స్‌లో, ఫిలింనగరుకు దిగు వీధిలో. సెలవునాటి సాయంకాలము మా వసారాలో మనుమడును అతని స్నేహితులును పోకెమాన్ బొమ్మల కార్డులు పరచుకొని కూర్చుందురు. మొన్న వరుసగా మూడు ఆటలు ఓడి, మావాడు మా వద్దకు వచ్చి, “తాతగారూ, ముక్కలు త్వరగా తీసే కట్టకు కాలం చెల్లిందా?” అని అడిగినాడు. పండుగకు చేతికి వచ్చిన డబ్బంతయు పెట్టి కొత్త పొట్లములు కొనవలెనని అతని ఆలోచన. ప్రశ్న చిన్నదే గాని, జవాబు తెలియకుండ డబ్బు పోవుట చిన్న సంగతి కాదు.

మన పేకలో ముక్కలు అందరికి ఒకటే. ఈ కొత్త ఆటలలో ఎవరి కట్టను వారే కూర్చుకొని తెచ్చుకొందురు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్ ది గ్యాదరింగ్’తో ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. పోకెమాన్‌లో కట్టకు 60 ముక్కలు. మూలశక్తి కార్డులు తప్ప, ఒకే పేరుగలవి నాలుగింటికి మించరాదు. వంతుకు ఒక ముక్క తీయుట నియమము. అయితే ఆ నియమమును దాటించి, ఒక్కసారిగా రెండో మూడో ఏడో ముక్కలు తీయనిచ్చు కార్డులు కొన్ని ఉన్నవి. అట్టివానిని ఎక్కువగా చేర్చిన కట్టయే మావాడు చెప్పిన కట్ట.

దాని బలమెంతో లెక్కతో చూతము. మనకు కావలసిన కార్డు 60లో నాలుగు ప్రతులున్నవనుకొందము. తొలి ఏడు ముక్కలలో ఒకటైనను కనబడు అవకాశము నూటికి 40. పద్నాలుగు ముక్కలు చూచినచో అది 66 దాటును. ఇరువది చూచినచో 81. మొదటి ఏడు అదనపు ముక్కలు ఇంచుమించు 27 పాళ్ళు పెంచగా, తరువాతి ఆరు 15 పాళ్ళు మాత్రమే పెంచినవి. దాహమునకు మొదటి చెంబు నీరు చేసినంత మేలు మూడవ చెంబు చేయదు.

ఆట చరిత్ర కూడ ఇదే చెప్పుచున్నది. మ్యాజిక్‌లో 1995లో ‘నెక్రోపొటెన్స్’ అను కార్డు వచ్చినది. మామూలుగా తీయు ముక్కను వదలుకొని, తన ప్రాణాంకములలో ఒక్కొక్కటి చెల్లించి ఒక్కొక్క ముక్కను పొందవచ్చును. ఉన్న ప్రాణాంకములు ఇరువది. 1996 వేసవి పోటీలలో ఆ కార్డుదే పెత్తనమయినది. పిమ్మట నియమకర్తలు దానికి కళ్ళెము వేసిరి. ‘యుగియో’లో ‘పాట్ ఆఫ్ గ్రీడ్’ అను కార్డు ఏ మూల్యమును లేకుండ రెండు ముక్కలిచ్చును. అది పోటీలలో నిషిద్ధమయినది. మూల్యము లేని లాభమును ఏ ఆటయు చిరకాలము సహింపదు.

పోకెమాన్‌లో జరిగినది మరింత చూడదగినది. 1996లో జపానులో ఆట మొదలైనప్పుడే ‘ప్రొఫెసర్ ఓక్’ అను కార్డు ఉండెను. చేతిలోని ముక్కలన్నియు పారవేసి క్రొత్తగా ఏడు తీయవలెను. ఆ రోజులలో ఒకే వంతులో అట్టివి ఎన్నింటినైనను ఆడవచ్చును. తరువాత ఇటువంటి కార్డులలో వంతుకు ఒక్కటే అని కట్టడి వచ్చినది. అదే పని చేయు ‘ప్రొఫెసర్స్ రీసెర్చ్’ 2020 నాటి కట్టలలో ఈ కట్టడికి లోబడియే వచ్చి, పోటీ కట్టలలో స్థిరముగా చోటు సంపాదించినది. అనగా వేగము చావలేదు, హద్దులో నిలిచినది.

హద్దు అటకపై గల బియ్యపు బస్తా వంటిది. ఎంత తీసినను అడుగు ఒకటున్నది. పోకెమాన్‌లో మొదట ఏడు ముక్కలు చేతికి, ఆరు బహుమానపు ముక్కలుగా ప్రక్కకు పోగా కట్టలో మిగులునవి 47. ఏడేసి ముక్కలు నాలుగు మారులు తీసినచో 28 పోయి, మిగులునవి 19 మాత్రమే. తన వంతు వచ్చునప్పటికి కట్టలో ముక్క లేనివాడు ఓడినట్లే.

మేమును మనుమడును కట్ట విప్పి లెక్కించితిమి. అరువదిలో ముక్కలు తీయుటకై చేర్చినవే ఇరువది నాలుగు. దెబ్బ కొట్టదగినవి ఆరు. చేతిలోనున్న మంచి ముక్కలను తానే పారవేసి, వానికొరకు మరల వెదకుచుండెను. ఎనిమిది తీసివేసి, ఆ చోట పోరాడునవియు శక్తినిచ్చునవియు పెట్టించితిమి. అన్నియు అతని పెట్టెలో ఉన్నవే. ఆ సాయంకాలము ఒక ఆట గెలిచి, ఒకటి ఓడినాడు. ఓడిన ఆటలో ఎచ్చట తప్పినదో ఈసారి తానే చెప్పినాడు. పొట్లముల మాట మరల ఎత్తలేదు.

కనుక మా జవాబు ఇది. వేగముగా ముక్కలు తీయు కట్ట నేటికిని నిలుచును. అయితే తీసిన ముక్కను ఆ వంతులోనో మరు వంతులోనో వాడుకొనగలుగవలెను. తీయుటకై చెల్లించు మూల్యము గెలుపును మించరాదు. కట్ట అడుగు కనబడకముందే ఆట ముగియవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను వేగము వట్టి ఆయాసమే.

మా వీధి చివరనున్న ఫిలింనగరులో ఈ సంగతి కొత్తది కాదు. చిత్రము కొరకు ఎంత ఫిల్ము తీసినను, తెరపై నిలుచునది రెండు మూడు గంటలే. ఎంత తీసితిరని ప్రేక్షకుడు అడుగడు. కూర్పరి కత్తెరకు నిలిచినదే అతనికి చిత్రము.