ఇంటి శుభ్రతలో మన వంతు

(నర్మెట్టలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్, డి.ఏ. విషయాలు పెద్దలు మాట్లాడారు. నేను ఇంటి శుభ్రత గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది ఆడవారి పని కదా అనుకునే సోదరులు మరింత శ్రద్ధగా వినవలసిందిగా కోరుతున్నాను.

గుమాస్తాలుగా ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో అడిగిన వెంటనే చెప్పేవాళ్ళం. ఇంట్లో నీళ్ళ గోలెం ఎప్పుడు కడిగారంటే మాత్రం మనలో చాలామంది చెప్పలేరు.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదు బేగంపేటలోనే రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. అప్పటి నుండి దోమ సంగతి లోకానికి తెలుసు. అయినా దాని బాధ తప్పలేదు. మనం మురికికాలువనే తిడతాం గాని, డెంగీ దోమ పెరిగేది ఇంట్లో నిలువ ఉన్న మంచినీళ్ళలోనే. గోలెం, కూలరు, ఫ్రిజ్ వెనుక పళ్ళెం, కోళ్ళకు నీళ్ళు పెట్టే చిప్ప, మేడ మీది పాత టైరు, ఇవన్నీ దాని నివాసాలే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అది పగటిపూట కుడుతుంది కనుక రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు.

అందుకే వైద్య సిబ్బంది శుక్రవారం 'డ్రై డే' పాటించమంటున్నారు. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం మన ఇండ్లలో ఉన్న ఆచారమే. దానికి గోలెం కడగడం కూడా చేర్చుదాం. నీళ్ళు పారబోస్తే చాలదు. గుడ్లు పాత్ర లోపలి గోడకు అతుక్కొని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. పీచుతో గట్టిగా తోమి, ఆరనిచ్చి, నీళ్ళు పట్టి మూత పెట్టాలి.

మరికొన్ని చిన్న అలవాట్లు: తాగే నీళ్ళ బిందెలో చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. వంటకు, భోజనానికి ముందు, దొడ్డికి పోయి వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. గిన్నెలు తుడిచే గుడ్డను రోజూ ఉతికి ఎండలో వేయాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇక ఈ పని ఎవరు చేయాలి? పిల్లలు హైదరాబాదులోనో, విదేశాల్లోనో ఉన్నారు. చాలా ఇండ్లలో ఇద్దరు ముసలివాళ్ళమే మిగిలాం. ఒకరు జ్వరంతో పడితే రెండోవారే జనగామ ఆసుపత్రికి తీసుకుపోవాలి. మనకు 58 ఏండ్లకు రిటైర్మెంటు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలికి ఇంకా రాలేదు. గోలెం ఒరగదీసి కడిగే పని ఆమె మీద వేయడం న్యాయం కాదు.

కనుక సోదరులారా, గోడ మీది క్యాలెండరులో ప్రతి శుక్రవారం కడిగిన తర్వాత మీరే టిక్కు పెట్టండి. హాజరు పట్టీలో సంతకం చేసిన చేతులకు ఇది కష్టం కాదు. వచ్చే సమావేశానికి ఆ క్యాలెండరు వెంట తెమ్మని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.