100 మిల్లీలీటర్ల పెట్రోలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "పది నిమిషాలు మాట్లాడాల, పిల్లోళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నాడు. మోటారుసైకిలు మైలేజీ గురించి చెబుతానన్నా. అవతల చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నా. తర్వాత మెల్లగా, "స్వర్ణోత్సవం అప్పా, కాస్త పెద్ద విషయం చూసుకో" అన్నాడు. నాకు ఇంతకంటే పెద్ద విషయం తెలీదు. పైగా ఈ సభలో ఒకరికి నేను బాకీ ఉన్నాను. అది తీరాలంటే ఈ విషయమే మాట్లాడాల.

ముందు 1983కు పోదాం. అప్పటికి మనూళ్ళో యురేనియం గని లేదు. ఫ్యాక్టరీ లేదు. తుమ్మలపల్లె అంటే బయటోళ్ళకు ఏ తుమ్మలపల్లె అని చెప్పుకోవాల్సి వచ్చేది. మేము తొమ్మిదో తరగతి. మా సైన్సు సారు, అదిగో వేదిక మీద ఎడమ పక్కన కూర్చున్నారు, పులివెందుల నుంచి రాజ్‌దూత్ మీద వచ్చేవారు. టూ స్ట్రోకు బండి, పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించాల. ఒక నెల సారు క్లాసులోకి వచ్చి సుద్దముక్క పట్టుకుని, పాఠం మొదలుపెట్టకుండా బంకువాళ్ళను తిట్టడం మొదలుపెట్టినారు. లీటరుకు నలభై ఇచ్చే బండి ముప్పై కూడా ఇవ్వడం లేదంట. బంకులో కొలత తక్కువ పోస్తున్నారని ఆయన అనుమానం. బంకు గుమస్తాతో పెద్ద గొడవ కూడా పెట్టుకున్నారంట.

మరుసటి రోజు సారు ఒక గాజు సెలైను బాటిలు, దాని రబ్బరు గొట్టం తెచ్చినారు. బాటిలు పక్కన గీతలుంటాయి కదా, 100 మిల్లీలీటర్లు పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, బాటిలు గొట్టాన్ని నేరుగా కార్బురేటర్‌కు తగిలించినారు. మమ్మల్ని రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళ దగ్గర, మధ్యలో 200 మీటర్ల రాళ్ళ దగ్గర నిలబెట్టినారు. నాకు మూడో కిలోమీటరు రాయి దక్కింది. సారు వెనక కూర్చుని బాటిలు పైకెత్తి పట్టుకునే పని మా చివరి బెంచీ మిత్రుడికి ఇచ్చినారు. ఆ పని నాకివ్వలేదని నాకు ఏడుపొచ్చింది. క్లాసులో ఫస్టు నేను కదా!

బండి పోయినప్పుడొకసారి, తిరిగొచ్చేటప్పుడొకసారి. ఎందుకంటే ఆషాఢం గాలి. మన దిక్కు ఆషాఢంలో పడమటి గాలికి ఎదురుపోతే సైకిలే కదలదు. రెండు దిక్కులా నడిపి సగటు తీస్తే తప్ప లెక్క లెక్క కాదన్నారు సారు. సగటు తీస్తే 100 మిల్లీలీటర్లకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. అంటే లీటరుకు నలభై. ఇంజను బాగానే ఉంది!

అప్పుడు సారు మమ్మల్ని అడిగినారు: "బాటిలు నుంచి తాగితే నలభై ఇస్తా ఉంది, ట్యాంకు నుంచి తాగితే ముప్పై. ఏమర్థమైంది?" ఎవరం నోరు తెరవలేదు. చివరి బెంచీ వాడొక్కడు, "ఇంజను తాగడం ల్యా సార్, ట్యాంకు కారుస్తా ఉంది" అన్నాడు. ఆ రాత్రి సారు బండి కింద పేపరు పరిచి చూసినారు. పెట్రోలు కాకు దగ్గర వాషరు పోయి, చుక్క చుక్క కారుతోంది. పెట్రోలు కాబట్టి తెల్లారేసరికి ఆరిపోతుంది, మట్టి నేల మీద మరక కూడా ఉండదు. ఐదు సెకన్లకో చుక్క పడినా పది గంటలకు 7,200 చుక్కలు. టీ గ్లాసుకు తక్కువ కాదు, రోజూ.

ఇంకొకటి కూడా నాకు గుర్తుంది. ఆ ఆదివారం సారు ఆ బంకుకు పోయి, ఆ గుమస్తా దగ్గర నిలబడి, తప్పు నాదే అని చెప్పి వచ్చినారంట. సోమవారం క్లాసులో మాకు చెప్పినారు. ఎందుకు చెప్పినారో అప్పుడు తెలీలేదు.

సరే, ఇప్పటికి వద్దాం. నేను ఇంజనీరునయ్యాను. ఫ్యాక్టరీల్లో కరెంటు, ఆవిరి, డీజిలు ఎక్కడ వృథా అవుతున్నాయో వెతికి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది, నవ్వుకోవచ్చు. నాకు పాత 350 సీసీ బండి ఒకటుంది, కార్బురేటరుది. రెండు పక్కలా పెట్టెలు, వెనకొక పెట్టె, ముందు గాలి అద్దం. దాని మీద నేనూ మా ఇంటావిడా హంపి, లేపాక్షి, లంబసింగి తిరిగినాం. లీటరుకు 34 ఇచ్చేది. పోయిన సంవత్సరం సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు మా చివరి బెంచీ మిత్రుడి షెడ్డులో కార్బురేటరు శుభ్రం చేయించినా. ఆ తర్వాత హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, ప్రొద్దుటూరు, ముద్దనూరు మీదుగా వచ్చిన తొలి ట్రిప్పులో లెక్కేస్తే 24!

నేనేం చేసినానో తెలుసా? మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో పెట్టినాను. "మనవాడని బండి ఇస్తే జెట్టు మార్చి పాడు చేసినాడు" అని. నూటా పదిమంది చూసినారు. వాడు ఒక్క మాట అనలేదు. గ్రూపులోంచి వెళ్ళిపోయినాడు.

తర్వాత నేను హైదరాబాదులో ఒక షెడ్డుకిచ్చినా. ప్లగ్గు మార్చినారు, ఎయిర్ ఫిల్టరు మార్చినారు, కార్బురేటరు కొత్తది వేసినారు, క్లచ్ ప్లేట్లు మార్చినారు. 11,400 రూపాయలు. మైలేజీ 24. పాత ప్లగ్గు నా దగ్గరుంది, ఇటుక రంగులో చక్కగా ఉంది. పెట్రోలు ఎక్కువ తాగే ఇంజనుకు ప్లగ్గు మసి పట్టి నల్లగా ఉంటుంది. దాన్ని చూసిన క్షణమే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

తప్పు పెట్రోలుదేనని కొందరన్నారు. 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా. ఈ లెక్క మీరూ వేసుకోండి, ఇప్పుడు ఊళ్ళలో రోజూ జరిగే వాదన ఇది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండొంతులు. అంటే ఐదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం మీద 6, 7 శాతం తగ్గాల. నీతి ఆయోగ్ 2021 నివేదికైతే పాత డిజైను టూవీలర్లకు 3 నుంచి 4 శాతమే అంది. సరే, ఎక్కువే పట్టుకుందాం, 7 అనుకుందాం. 34 కాస్తా 31.6 కావాల. 24 ఎట్లవుతుంది? ఇథనాల్ వల్ల తగ్గుతుంది, నిజమే. అంత తగ్గదు. ఎంత తగ్గాలో తెలీకుండా దేన్నైనా నిందించొచ్చు, నేను చేసిందీ అదే.

మొన్న జులైలో నాయన తద్దినానికి వచ్చినాం. నేనూ మా ఇంటావిడా, అదే బండి, పెట్టెల నిండా సామాను. ఊరి బయట చీనీ తోట దగ్గర బండి ఆపి నీళ్ళు తాగుతా ఉంటే, వాడు స్కూటరు మీద పోతా ఆగినాడు. నన్ను పలకరించలేదు. మా ఇంటావిడను, "బాగున్నావా వదినా" అన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగినాడు. ముందు టైరు మీద అంకెలు చదివినాడు. "ఇది ఎప్పుడు మార్చినావు?" అన్నాడు. నాతో మాట్లాడిన తొలి మాట అది.

సంక్రాంతి తర్వాత ముందు టైరు మార్చినా. కంపెనీది 90/90-19. నేను కొంచెం లావుది, 100/90-19 వేయించినా, ఠీవిగా ఉంటుందని. మన బండికి కిలోమీటర్ల మీటరు తిరిగేది ముందు చక్రంతో. లావు టైరు ఒక చుట్టుకు దాదాపు ఆరు సెంటీమీటర్లు ఎక్కువ పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలీదు. కాబట్టి 100 కిలోమీటర్లు నడిస్తే 97 చిల్లరే చూపిస్తుంది. అంటే నా 24 నిజానికి 24.7. పెద్ద తేడా కాదు, కానీ నేను కొలతలతో బతికేవాణ్ణి, నాకే తట్టలేదు.

షెడ్డుకు పోయి బాటిలు తెచ్చినాడు. ఇప్పటి ప్లాస్టిక్ సెలైను బాటిలు, అదే పద్ధతి. నేను పెట్టెలు విప్పబోతే, "తీయొద్దు. వదినా, నువ్వూ కూర్చో. జబ్బు ఎప్పుడొస్తే అప్పుడే నాడి చూడాల" అన్నాడు. ఒంటి మనిషితో, ఖాళీ బండితో మెకానిక్కులు నడిపి చూసి బాగుందంటారు. నేను నడిపేదేమో ఇద్దరితో, నిండు పెట్టెలతో. హైదరాబాదులో అందరూ ఖాళీ బండినే చూసినారు, నేనూ అంతే.

50 స్పీడులో, పోయేటప్పుడు, వచ్చేటప్పుడు. నిండు లోడుతో 100 మిల్లీలీటర్లకు సగటున రెండున్నర కిలోమీటర్లు. పెట్టెలు విప్పి, ఆమెను చీనీ చెట్ల నీడన కూర్చోబెట్టి, నేనొక్కణ్ణే నడిపితే 3.4. బరువుకు కొంత తగ్గుతుంది, చదునైన రోడ్డు మీద ఇంత తగ్గదు. ఇంజను బాగుంది, లోడు పడితేనే ఏదో పట్టుకుంటోంది. మళ్ళీ లోడు ఎక్కించి, బ్రేకు ముట్టకుండా రెండు కిలోమీటర్లు పోయొచ్చి ఆపమన్నాడు. చెంబులో నీళ్ళు వేళ్ళతో తీసుకుని వెనక బ్రేకు డ్రమ్ము మీద చిలకరించినాడు. సుయ్యిమని ఆవిరైపోయినాయి.

వెనకది డ్రమ్ము బ్రేకు, కడ్డీతో లాగేది. లోడు పడితే వెనక స్ప్రింగులు అణిగి చక్రం పైకి జరుగుతుంది, పెడలుకు డ్రమ్ముకు మధ్య దూరం మారి కడ్డీ బిగుస్తుంది. అందుకే కడ్డీకి కాస్త వదులు ఉంచుతారు. ఆ వదులు లేదు. ఖాళీగా మెయిన్ స్టాండు వేస్తే చక్రం గిర్రున తిరుగుతుంది, లోడు వేస్తే బ్రేకు రాసుకుంటుంది. అది రాసుకునే బలం నాలుగు కిలోల బరువంత ఉన్నా, 70 స్పీడులో దాదాపు 760 వాట్లు వృథా. ఇంట్లో ఇస్త్రీ పెట్టె అంత. నేను ఆర్నెల్లు వెనక చక్రంలో ఇస్త్రీ పెట్టె పెట్టుకుని తిరిగినాను.

"ఈ నట్టు ఎవరు బిగించినారు?" అన్నాడు వాడు.

నేనే. సంక్రాంతి నుంచి పోయినాక, బ్రేకు లోతుగా పోతోందని, ఇంట్లో, ఖాళీ బండికి, నా స్పానరుతో. వాడి చేయి తగిలిన కార్బురేటరుకు ఏ జబ్బూ లేదు.

నట్టు రెండు చుట్లు వదులు చేసినాడు. చైను కూడా చూసినాడు, అదీ నేనే బిగించిందే. చైను కూడా లోడుతోనే చూడాల, ముందు పళ్ళ చక్రం, వెనక ఇరుసు, మధ్యలో ఫోర్కు పిన్ను ఒకే గీతలోకి వచ్చినప్పుడు అది ఎక్కువ బిగుసుకుంటుంది. మళ్ళీ అదే లోడు, అదే బాటిలు: 3.1. డబ్బులు ఎంతని అడిగినా. చెంబు తీసుకుని పోయి కడిగి పెట్టినాడు, జవాబు చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదు చేరేసరికి 30కి కొంచెం తక్కువొచ్చింది. 34 రాదు. ఇథనాల్ ఉంది, పెట్టెలు గాలికి అడ్డమున్నాయి, నా చేయి ఊరుకోదు. 80 నుంచి 100కు పోతే గాలి అడ్డం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి ఏ మెకానిక్కూ మందు వేయలేడు. ఇంకొక మాట, మన వేముల దిక్కు రోడ్లలో ముగ్గురాయి లారీల వెనక పోయే బండ్లకు ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసినదానికంటే ముందే దులపాల. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. ట్యాంకు నింపి లెక్కేసేవాళ్ళు రెండుసార్లూ బండిని మెయిన్ స్టాండు మీదే నిలబెట్టండి. సైడు స్టాండు మీద ట్యాంకు వాలి ఉంటుంది, అది నిండిన లెక్కలోకి రాదు.

సారూ, ఆనాడు బంకుకు పోయి వచ్చిన సంగతి మాకెందుకు చెప్పినారో 42 ఏళ్ళకు అర్థమైంది. నేను గ్రూపులో రాసింది నూటా పదిమంది చూసినారు కాబట్టి, ఇక్కడ అంతకంటే ఎక్కువమంది ముందర చెబుతున్నా. మూడో వరుసలో, కిటికీ పక్కన, తల వంచుకుని కూర్చున్నాడు చూడండి. ఒరేయ్, నీ చేతిలో నా బండి పాడు కాలేదు. తప్పు నాది. ఆ మాట రాయకుండా ఉండాల్సింది. గ్రూపులోకి మళ్ళీ రా.

ఇంకొక్క విషయం చెప్పి కూర్చుంటా. వాడు నిన్న నాతో ఒప్పుకున్నాడు. భోజనాలయినాక బాటిలు తీసుకుని బడి గేటు దగ్గర ఉంటాడు. కార్బురేటరు బండి ఉండి మైలేజీ మీద అనుమానం ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. ఇంజెక్షన్ బండ్లకు ఈ బాటిలు పనికిరాదు, వాటికి పంపు ట్యాంకులోనే ఉంటుంది. సామాను దించొద్దు, ఇంటావిడను కూడా పిలుచుకుని రండి.