కోఠీ రెసిడెన్సీ: చేతులు మారిన గృహము

(మహాసభ రెండవ దినమున చేయబడిన ఉపన్యాసము)



మన సంఘముయొక్క పాత విద్యార్థి వసతిగృహమును పడగొట్టి, ఆ స్థలమున అంగళ్లు కట్టించి అద్దెలకిచ్చిన లాభకరమను ప్రతిపాదన రేపటి కార్యక్రమమున నున్నది. దానిపై నేడు వాదములోనికి దిగక, మేము హైదరాబాదునందు పలుమారులు చూచివచ్చిన యొక గృహముయొక్క కథను విన్నవించెదము.

మూసీనదికి ఉత్తరమున, కోఠీలో, ఎత్తైన ఆరు స్తంభములతోను, మెట్ల కిరువైపుల రెండు సింహములతోను ఒక సౌధము కలదు. ఆ పేటకు ఆ పేరు ఈ కోఠీ వలననే వచ్చెనందురు. దీనిని కట్టించినవాడు ఈస్టిండియా కంపెనీ రెసిడెంటగు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ దొర. తాను కోరిన స్థలముయొక్క పటమును దొర నిజాం అలీఖానుగారి యెదుట పరచగా, వారు వల్లగాదనిరట. ఆ పటము వారి రాజ్యపటమంత పెద్దదిగా నుండుటయే కారణమని తెలిసికొని, దొర దానినే చిన్న చీటిపై వ్రాయించి తెచ్చెననియు, వెంటనే అనుమతి దొరకెననియు చెప్పుదురు. కథ యెట్లున్నను స్థలమును ధనమును నిజాము ప్రభువులవే. వాసము మాత్రము ఇంగ్లీషువారిది. లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్ నమూనా గీయగా 1803లో పని ప్రారంభమైనది. కట్టించినవానికి అనుభవయోగము లేకపోయెను. 1805 అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను.

ఆయన పరిణయమాడిన ఖైరున్నీసా బేగముకొరకు సౌధము వెనుక రంగమహలను అంతఃపురముండెను. ఘోషాలోనున్న ఆమె ముందు ద్వారమునకు వచ్చి భవనమును చూడజాలదు గనుక, దాని చిన్న ప్రతిమను అంతఃపురపు తోటలో కట్టించి చూపెనని ప్రతీతి. ఇంతకంటె మనసు కలచు విషయము ఆ యావరణమున మాకు కనబడలేదు.

తరువాత హెన్రీ రస్సెల్, చార్లెస్ మెట్‌కాఫ్ మొదలగు రెసిడెంట్లు వరుసగా వచ్చి పోయిరి. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున జనులు రెసిడెన్సీపైబడిరి. ఆ యెత్తుగడ విఫలమయ్యెను. మౌల్వీని అండమానులకు పంపిరి. ఆ భయముచేత చుట్టును బలమైన గోడలు లేచినవి. 1860 ప్రాంతమున ఒక రెసిడెంటు, దేశీయుల పద్ధతి తనకు గిట్టక, రంగమహలును కూల్పించెను. ఈ గృహముపై కోపముతో దండెత్తినవారు చేయని పనిని అందు కాపురమున్నవాడే చేసెనని మహాజనులు గమనింతురుగాక.

1947లో ఇంగ్లీషువారు విడిచిపోయిరి. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల ఇచ్చటికి వచ్చినది. ఒక స్త్రీ తొంగిచూడనేరని దర్బారు మందిరపు మెట్లను అటుపిమ్మట వేలకొలది బాలికలు పుస్తకములతో ఎక్కిరి. ఎదుటి త్రికోణమునందలి ఇంగ్లీషు చిహ్నమును ఎవరును గీకివేయలేదు. ఆ యావరణమునందలి దొరల సమాధులను గూడ ఉండనిచ్చిరి.

అయిన నేమి, వాడుక యొక్కటియే చాలదు. వాన నీరు పైకప్పులోనికి దిగెను, కొయ్య చివికెను, గోడల సున్నము రాలెను. తరగతులు జరుగుచుండగనే గృహము కుంగుచుండెను. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు 2002 సంవత్సరపు తమ అపాయస్థితి పట్టికలో దీనిని చేర్చిరి. అటుపై ధనము సమకూరుటకును, పని సాగుటకును ఏండ్లు పట్టినవి. సిమెంటు పూతతో కప్పిపుచ్చక, సున్నపు పని తెలిసినవారిచేత బాగుచేయించిరి. ఆ చిన్న ప్రతిమయు శిథిలావస్థనుండి తేరుకొనెను. 2023 జనవరి నాటికి ప్రధానభవనము మరల తలయెత్తినది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో వీరనారి చాకలి ఐలమ్మ పేరు పొందినది. నిజాము ధనముతో, కంపెనీ దొర కోరికతో లేచిన గృహమునకు తెలంగాణపు రైతు వీరవనిత పేరు వచ్చెను. రంగమహలు మాత్రము తిరిగిరాలేదు, ఎంత ధనము పోసినను రాదు.

ఇక మన గృహమునకు వత్తము. దాని గోడలును సున్నపు గోడలే. ఏడెనిమిదేండ్ల క్రిందట చవుకయని ఒక కంట్రాక్టరుచేత సిమెంటు పూయించితిమి. లోని చెమ్మ వెలికిరాలేక పెచ్చులు పెచ్చులుగా రాలుచున్నది. ఆ బేరమునకు ఒప్పుకొన్నవారిలో మేమును ఉంటిమి గనుక ఈ తప్పు మాపైనను కలదు. "గోడలు కుళ్లినవి, పడగొట్టుడు" అనువారు ఆ పెచ్చులనే చూపుచున్నారు. కుళ్లినది గోడయో పూతయో ఇంతవరకు ఎవరును పరీక్షింపలేదు.

అద్దెల లాభమును మేము తేలిక చేయుటలేదు. పేద విద్యార్థులకు వేతనములీయవలెనన్న ధనము కావలసినదే. కాని వీధివైపు ఖాళీస్థలమున నాలుగైదు అంగళ్లకు చోటున్నదని మా లెక్క. కావున రేపటి తీర్మానమును ఆరు మాసములు వాయిదావేసి, ఈలోగా సున్నపు కట్టడముల నెరిగిన ఇంజనీరుచేత గోడలను, దూలములను పరీక్ష చేయించి, మరమ్మతు వ్యయమును అంచనా వేయించవలెనని కోరుచున్నాము. ఆ పరీక్షకగు ఖర్చు మేము భరించెదము. పోషకులలో ఎవరైన పాలుపంచుకొనదలచిన, భోజనానంతరము కోశాధికారిగారియొద్ద తమ పేర్లు వ్రాయించుకొన ప్రార్థన.