పాస్‌వర్డ్ కరెక్టే, మరి మెయిల్ ఎందుకు ఓపెన్ కావట్లేదు?

ఆఫీసులో ఒకే మెయిల్ ఐడీని నలుగురు వాడుతున్నారనుకోండి. నాలుగు సిస్టమ్‌లలోనూ మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డే. పొద్దున్నే వచ్చిన ఇద్దరికి మెయిల్స్ దిగుతాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఎర్రర్, లేదంటే మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగడం. దయచేసి కంగారుపడి పాస్‌వర్డ్ మార్చకండి. మారిస్తే మిగతా సిస్టమ్‌లు పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తుంటాయి, అప్పుడు సర్వర్ మీ ఆఫీస్ ఐపీ మొత్తాన్ని బ్లాక్ చేసే ప్రమాదం ఉంది.

అసలు సంగతి వేరు. మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్‌తో మాట్లాడే ఐమ్యాప్ పద్ధతిలో ఒక కనెక్షన్ ఒకసారికి ఒక్క ఫోల్డర్‌నే తెరవగలదు. కొత్త మెయిల్ రాగానే కబురు చెప్పే ‘ఐడిల్’ కూడా ఆ తెరిచిన ఫోల్డర్‌కే పనిచేస్తుంది. అందుకని ఇన్‌బాక్స్‌కొకటి, సెంట్‌కొకటి, డ్రాఫ్ట్స్‌కొకటి అంటూ థండర్‌బర్డ్ 5 కనెక్షన్ల దాకా పట్టుకుని కూర్చుంటుంది. నాలుగు సిస్టమ్‌లకు 20. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ మామూలుగా ఒక యూజర్‌కు ఒక ఐపీ నుంచి ఇచ్చేది 10. మీ రౌటర్ వెనకున్న సిస్టమ్‌లన్నీ బయటికి ఒకే ఐపీగా కనిపిస్తాయి కదా, మొదటి ఇద్దరితోనే కోటా అయిపోతుంది.

నిర్ధారించుకోవడం తేలిక. మెయిల్ రాని సిస్టమ్‌ను వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. వెంటనే మెయిల్ వచ్చిందంటే దాదాపు ఇదే సమస్య. జీమెయిల్‌కు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ ఐపీతో సంబంధం లేకుండా అకౌంట్ మొత్తానికి 15 కనెక్షన్లే.

ఇప్పుడు థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్, సర్వర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. అక్కడ కనెక్షన్ల సంఖ్యగా ఉన్న 5ని 2 చేసి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. నాలుగు సిస్టమ్‌లలోనూ ఇదే చెయ్యాలి. అప్పుడు మొత్తం 8. ఫోల్డర్లు మారేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఒక జాగ్రత్త: మూత వేసేసిన ల్యాప్‌టాప్ కనెక్షన్లు సర్వర్‌లో దాదాపు అరగంట అలాగే మిగిలిపోవచ్చు. కాబట్టి మార్చిన వెంటనే ఫలితం కనిపించకపోతే కాసేపు ఆగండి.

సర్వర్ మీ చేతిలోనే ఉంటే ‘డవ్‌అడ్మ్ హూ’ కమాండ్ కొట్టండి. ఏ యూజర్‌కు ఎన్ని కనెక్షన్లున్నాయో, అవి ఏ ఐపీల నుంచి వచ్చాయో తెలుస్తుంది. అది చూడకుండా పరిమితి పెంచడం నాకు నచ్చదు. తిక్క వేషాలు వేసే ఒక్క క్లయింట్ సర్వర్ మొత్తాన్ని ఆక్రమించకుండా కాపాడేది ఆ పరిమితే. నిజంగా పదిమంది పనిచేసే ఐడీ అయితే 30కి పెంచండి, తప్పులేదు.

సర్వర్ వేరేవాళ్లదైతే, అడ్మిన్‌కు ఫోన్ చేసి ‘మెయిల్ రావట్లేదు’ అని మాత్రమే చెప్పకండి. ఏ ఐడీ, ఎన్ని సిస్టమ్‌లు, ఎన్ని ఫోన్లు, హాట్‌స్పాట్‌లో వచ్చిందా లేదా, ఈ నాలుగూ చెప్పండి.