మన గుర్తు, పరుల గుర్తు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





పోయిన దండారీ ఖర్చుల కోసం మన పిల్లలు టీషర్టులు అచ్చు వేయించిన సంగతి మీకు తెలుసు. ఛాతీ మీద నెమలి ఈకల గుస్సాడీ టోపీ, దాని కింద ఒక పెద్ద కంపెనీ లోగో. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. కొన్నాళ్లకే కంపెనీ ఫిర్యాదు చేసింది. అమ్మకం పేజీ తీసేశారు. మిగిలిన చొక్కాలు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. "పండుగ కోసం చేశాం, ఎవరినీ మోసం చేయలేదు కదా!" అని పిల్లలు బాధపడ్డారు. వద్దని చెప్పాల్సిన మేమే భుజం తట్టాం. కాబట్టి ఆ తప్పు మాది కూడా.

1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం, నమోదైన గుర్తును యజమాని అనుమతి లేకుండా మన సరుకు మీద వేసి అమ్మకూడదు. మంచి పని కోసమే అన్నా ఆ మాట చెల్లదు. లోగో చూసి కొనేవాడు ఆ సరుకు కంపెనీదే అనుకుంటాడు, లేదా కంపెనీ మనతో చేయి కలిపిందనుకుంటాడు. ఇవాళ ఊరుకుంటే రేపు నాసిరకం సరుకు మీదా అదే లోగో వస్తుందని కంపెనీల భయం. ఆ భయం న్యాయమైనదే.

అయితే ఆ హక్కు కంపెనీలకే సొంతం కాదు. అమెరికాలోని నవాజో ఆదివాసులు తమ పేరును ముందే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారు. అర్బన్ అవుట్‌ఫిటర్స్ అనే దుస్తుల కంపెనీ ఆ పేరు పెట్టి లోదుస్తులు, మద్యం సీసాలు కూడా అమ్మింది. నవాజో నేషన్ 2012లో దావా వేసింది. మధ్యలో ఒక వాదనను కోర్టు తోసిపుచ్చినా వెనక్కి తగ్గలేదు. చివరికి 2016లో కంపెనీ రాజీకొచ్చి, నవాజోలతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. కాగితం చేతిలో ఉంది కాబట్టే వాళ్లు నిలబడగలిగారు.

మన దగ్గరా ఆ దారి ఉంది. మన ఓజుల చేతిపని ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపును ఎవరికీ అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కానీ అధీకృత వినియోగదారుగా నమోదైన కళాకారుడికే దాన్ని వాడుకునే హక్కు. గుర్తింపు వచ్చింది కదా అని ఇంట్లో కూర్చుంటే లాభం లేదు.

అందుకే మూడు మాటలు అనుకున్నాం. పరుల లోగో మన పోస్టరు మీద గానీ, చొక్కా మీద గానీ వేయం. ఎవరైనా కంపెనీ వాళ్లు విరాళమిస్తే రాతపూర్వక అనుమతి తీసుకునే వేస్తాం. మన సంఘానికి మన పిల్లలే గీసిన గుర్తును నమోదు చేయిస్తాం. ఆ నమోదు పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. ఇక గుస్సాడీ టోపీ. అది అలంకారం కాదు, దీక్ష. పెద్దలను అడగకుండా దాన్ని సరుకు మీదికి ఎక్కించం.

కంపెనీ తన లోగోను అడిగి వాడమంది. మన టోపీని మనమే ఎవరినీ అడగకుండా వాడేశాం. చొక్కాల నష్టం కన్నా ఇదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

సేవా జోహార్!